బేబీ కార్న్‌కు ఏ ఎరువు కట్ట కొనాలి? డీఏపీ, సూపర్, 20-20, 10-26-26లో ఎంపిక ఎలా

"మొక్కజొన్నకు వేసినట్టే వేస్తే సరిపోదా?" బేబీ కార్న్ కొత్తగా మొదలుపెట్టే ప్రతి రైతూ అడిగే మాట ఇది. నేనూ అడిగాను. సరిపోతుందన్న ధీమాతో మా ఎర్ర చెలకలో తొలి పంటకు గింజ మొక్కజొన్న లెక్కనే పట్టుకున్నాను. దుక్కిలో రెండున్నర కట్టల 20-20 (పూర్తి పేరు 20-20-0-13, అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు), మోకాలెత్తున యూరియా, జల్లు, అంటే మొక్క కొసన మగ పూత, వచ్చే ముందు ఇంకొంచెం యూరియా, అంతే. విత్తిన పది రోజులకు పట్టిన ముసురు వారం దాకా వదల్లేదు.

మొదటి కోత బాగానే వచ్చింది. రెండో కోత దగ్గరే నా లెక్క తప్పిందని తెలిసింది. చెట్టు మీద కండె కనిపిస్తోంది, పీచు కూడా వచ్చింది. పొట్టు ఒక్కో పొరా ఒలిచి చూస్తే లోపల చిటికెన వేలులో సగమంత కండె. కొసన గింజ వరసలే లేవు, బోడిగా ఉంది. రంగు లేత పసుపు కాదు, పాలిపోయిన తెలుపు. మూడో కండె చాలా మొక్కల మీద పొట్టుతోనే ఆగిపోయింది. అదే చేనులో, నిరుటి పెంటకుప్ప ఉన్న చోట మాత్రం మూడో కండె కూడా నిండుగా దిగింది. విత్తనం ఒకటే, నీళ్లు ఒకటే. తేడా అంతా పంటకు పెట్టిన మేతలోనే, అంటే ఎరువులోనే ఉంది.

అప్పటి నుంచి ఏ కట్ట కొన్నా ముందు ఒకటే చూస్తున్నాను: ఈ కట్టతో విత్తేనాటికి ఎంత నత్రజని నేలలో పడుతుంది, చివరి కండెకు ఎంత మిగులుతుంది? ధర, దొరకడం, కంపెనీ పేరు ఆ తర్వాతి సంగతులు.

గింజ మొక్కజొన్న లెక్క ఎందుకు పనికిరాదు

గింజ మొక్కజొన్న వంద రోజులకు పైగా చేనులో ఉంటుంది, చెట్టుకు ఒక కండె నిండితే చాలు. బేబీ కార్న్ వానాకాలంలో 50-55 రోజుల్లో, యాసంగిలో ఇంకో వారం పది రోజుల్లో ముగిసిపోతుంది. ఆ కొద్ది కాలంలోనే చెట్టుకు రెండు, మూడు కండెలు కావాలి. గింజ కోసమైతే సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడతాం, ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. బేబీ కార్న్‌కు మొక్కల మధ్య 15 సెంటీమీటర్లే, కాబట్టి ఎకరాకు దాదాపు 45 వేలు. ఒకే గిన్నె చుట్టూ అంతమంది కూర్చున్నట్టు.

కోసే దశ కూడా వేరే. పీచు బయటికి వచ్చి 1 నుంచి 3 సెంటీమీటర్లు ఉన్నప్పుడే, పుప్పొడి తగలకముందే కండె తెంపాలి. వానాకాలంలో రోజూ, చలికాలంలో రోజు విడిచి రోజు చేనులోకి దిగాల్సిందే. ఒక మాట ఇక్కడే చెప్పాలి. పీచు పొడవైపోయి గింజ ఉబ్బిన కండెను ఏ ఎరువూ బాగు చేయలేదు. జల్లు సకాలంలో తీయకపోయినా అంతే. మార్కెట్లో అడిగేది 6 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, తిన్నని వరసలు, లేత పసుపు రంగు. మందం మీరకుండా చూసేది కోత. పొడవును, వరసల నిండుదనాన్ని, రెండో మూడో కండెను ఇచ్చేది మేత. దేనితో అయ్యే పని దానితోనే అవుతుంది.

ముందు మొత్తం ఎంతో తెలియాలి

మొక్కజొన్న పరిశోధన సంస్థ బేబీ కార్న్‌కు చెప్పే మోతాదు హెక్టారుకు నత్రజని 150-180 కిలోలు, భాస్వరం 60, పొటాష్ 60, జింక్ సల్ఫేట్ 25 కిలోలు, వాటికి తోడు 8-10 టన్నుల పశువుల ఎరువు. మన ఎకరాల్లోకి మారిస్తే నత్రజని 60 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 24, జింక్ సల్ఫేట్ 10 కిలోలు, పశువుల ఎరువు మూడు నుంచి నాలుగు టన్నులు. నేను కింది మోతాదు, అంటే 60 కిలోల నత్రజనితోనే లెక్కలు చెబుతాను. బాగా పండే హైబ్రిడ్, నీటి వసతి, తేలిక నేల ఉంటే 70 దాకా వెళ్లవచ్చు.

60 కిలోలంటే పెద్ద అంకెలా ఉంటుంది. 45 వేల మొక్కలకు పంచి చూడండి, ఒక్కో మొక్కకు మొత్తం పంట కాలంలో మూడు గ్రాముల యూరియాకు మించదు. మూడు వేళ్లతో తీసిన చిటికెడు. అది కూడా ఒకేసారి కాదు, ఐదు సార్లుగా.

ఆ ఐదు సార్ల లెక్క ఇదీ: విత్తేటప్పుడు పదో వంతు, నాలుగాకుల దశలో 20 శాతం, ఎనిమిదాకుల దశలో 30 శాతం, జల్లు తీయడానికి ముందు 25 శాతం, జల్లు తీశాక 15 శాతం. మొదటి రెండు దఫాలూ కలిపి 30 శాతమే. జల్లుకు అటూ ఇటూ పడేది 40 శాతం. నేను తొలి పంటలో చేసింది సరిగ్గా దీనికి తిరగేసిన పని. భాస్వరం, జింక్ మొత్తం దుక్కిలోనే వేయాలి. పొటాష్ నల్లరేగడిలో అయితే మొత్తం దుక్కిలో, ఎర్ర చెలకలో, ఇసుక పాలు ఎక్కువున్న నేలలో సగం దుక్కిలో, మిగిలిన సగం 30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు.

భూసార పరీక్ష కార్డు ఉంటే ఈ అంకెలు మారతాయి. మన దగ్గర పాటించే పద్ధతి తేలికే: ఏ పోషకం తక్కువని వస్తే దాన్ని 30 శాతం పెంచడం, ఎక్కువని వస్తే 30 శాతం తగ్గించడం. ఏళ్ల తరబడి డీఏపీ పడ్డ చేలల్లో భాస్వరం ఎక్కువని రావడం మామూలే. అక్కడ 24 కిలోల భాస్వరం 17కి దిగుతుంది, ఆ డబ్బు పొటాష్‌కు పోతుంది.

నాలుగు దారులు

కొట్లో దొరికే కట్టలతో ఈ 60-24-24ను నాలుగు రకాలుగా కట్టవచ్చు.

డీఏపీ దారి అందరికీ తెలిసిందే. 50 కిలోల కట్టలో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. అంటే ఎకరాకు ఒక్క కట్ట చాలు. పైన 45 కిలోల యూరియా కట్టలు రెండున్నర, ఎర్ర పొటాష్ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) 40 కిలోలు. అడుగున పడే నత్రజని 9 కిలోలే, అంటే 15 శాతం, కావలసిన దానికి దగ్గరగానే ఉంది. అందువల్ల నాలుగాకుల దశలో యూరియా 20 కిలోలకు తగ్గించాలి. తర్వాత ఎనిమిదాకులకు 39, జల్లుకు ముందు 33, జల్లు తీశాక 20. కూడితే 112 కిలోలు, రెండున్నర కట్టలు సరిగ్గా ముగుస్తాయి. డీఏపీలో లోటు ఒక్కటే, గంధకం లేదు. పైగా సీజన్లో దాని కోసం తిరగాల్సి వస్తుంది, విత్తనం తెచ్చి పెట్టుకుని డీఏపీ దొరకక టెన్షన్ పడ్డ రోజులు నాకూ ఉన్నాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. డీఏపీ గింజకు తగిలేలా పడితే మొలక మాడుతుంది. విత్తనం సాలుకు రెండు మూడు అంగుళాలు పక్కగా, కొద్దిగా లోతుగా పడాలి.

సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ దారి కూలీకి బరువు, నేలకు మేలు. 16 శాతం భాస్వరమే కాబట్టి 150 కిలోలు, మూడు కట్టలు మోయాలి. కానీ ఆ మూడు కట్టలతో 16 కిలోల దాకా గంధకం, దండిగా కాల్షియం ఉచితంగా వస్తాయి. నత్రజని వంటబట్టి మాంసకృత్తుగా మారాలంటే గంధకం తోడు కావాలి. గంధకం లేని చేనులో యూరియా ఎంత వేసినా లేతాకులు చారలు చారలుగా పసుపెక్కుతాయి, మనమేమో నత్రజని చాలలేదనుకుని ఇంకో పిడికెడు యూరియా వేస్తాం. సూపర్‌లో నత్రజని అసలు లేదు కాబట్టి విత్తేటప్పుడు 13 కిలోల యూరియా విడిగా వేయాలి, మొత్తం యూరియా మూడు కట్టలు అవుతుంది. సూపర్, యూరియా కలిపి ముందు రోజే పెట్టుకోవద్దు. తెల్లారేసరికి చెమ్మగిల్లి ముద్దగా అంటుకుపోతుంది, చేత్తో చల్లడానికి రాదు. కలిపితే కలిపిన గంటలోనే చల్లేయాలి.

20-20-0-13 దారిలోనే నేను దెబ్బ తిన్నాను, అయినా దాన్ని చెడ్డదని అనను. 24 కిలోల భాస్వరం కోసం దాదాపు రెండున్నర కట్టలు కావాలి. వాటితో 25 కిలోల నత్రజని, 16 కిలోల గంధకం వస్తాయి. గంధకం మాట బాగుంది, నత్రజని మాటే ఇబ్బంది. విత్తిన రోజునే 25 కిలోలంటే మొత్తంలో 40 శాతం పైన. ఆ రోజున మొలకకు ఇంకా వేరు కూడా పుట్టి ఉండదు. ఇందులోని నత్రజని అమ్మోనియా రూపంలో ఉంటుంది కాబట్టి వేసిన మర్నాడే కొట్టుకుపోదు. నేలలో నైట్రేట్‌గా మారిన తర్వాత వాన పడితే మాత్రం వేరుకు అందనంత కిందికి దిగిపోతుంది. ఎర్ర చెలకలో ముసురు పట్టినప్పుడు జరిగేది ఇదే. నల్లరేగడిలో, యాసంగిలో, నీళ్లు మన చేతిలో ఉన్నప్పుడు ఈ కట్ట బాగానే పనిచేస్తుంది. అలా వాడేవాళ్లు నాలుగాకుల దశ యూరియా పూర్తిగా మానేయాలి, ఎనిమిదాకులకు 24 కిలోలు, తర్వాత రెండు దఫాలూ యథావిధిగా 33, 20 వేయాలి. చివరి దఫాలను ముట్టుకోకూడదు. తగ్గించేదేదో మొదట్లోనే తగ్గించాలి. పొటాష్ 40 కిలోలు ఇక్కడా విడిగా కొనాల్సిందే, కట్ట మీద మూడో అంకె సున్నా అని చాలామంది గమనించరు.

10-26-26 దారి చూస్తే ఎవరో బేబీ కార్న్‌కే కొలిచి చేశారా అనిపిస్తుంది. భాస్వరం, పొటాష్ సమానంగా కావాలి, కట్టలో సమానంగానే ఉన్నాయి. రెండు కట్టలు వేస్తే భాస్వరం 26, పొటాష్ 26, నత్రజని 10. విడిగా పొటాష్ కొనే పని లేదు, డీఏపీ దారిలో చెప్పిన యూరియా దఫాలే దీనికీ సరిపోతాయి. విత్తేరోజు కూలీలు ఒకే మందు వేసుకుంటూ పోతారు, పొటాష్ తర్వాత వేద్దాంలే అని వాయిదా వేసే అవకాశమే ఉండదు. మన చేలల్లో పొటాష్ పడకపోవడానికి ఆ వాయిదానే సగం కారణం. లోటు రెండు చోట్ల ఉంది. గంధకం లేదు, ఎర్ర ఇసుక నేలలో పొటాష్ మొత్తం ఒకేసారి పడుతుంది.

నేనైతే ఏది ఎంచుకుంటాను

నల్లరేగడి అయితే, అంతకుముందు పంటకు సూపర్ గానీ గంధకం ఉన్న మందు గానీ వేసి ఉంటే, 10-26-26 రెండు కట్టలు వేసుకోవచ్చు. పని తేలిక, లెక్క సరి.

ఎర్ర చెలకలో, వానాకాలంలో నేను ఇప్పుడు వాడేది ఒక కలగలుపు. ఒక కట్ట 20-20-0-13, రెండు కట్టల సూపర్. కూడి చూడండి: నత్రజని 10, భాస్వరం 26, గంధకం 17 కిలోలు. అడుగు నత్రజని డీఏపీతో సమానం, గంధకం సూపర్‌తో సమానం, కట్టలు మూడు. ఎర్ర పొటాష్ 20 కిలోలు దుక్కిలో, 20 కిలోలు మట్టి ఎగదోసే రోజు. యూరియా రెండున్నర కట్టలు, నాలుగు దఫాలు.

డీఏపీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి పరుగెత్తనక్కరలేదు. ఒక కట్టతో ఆపండి, రెండో కట్ట వేయకండి. 46 కిలోల భాస్వరం బేబీ కార్న్ అడగదు, ఎక్కువైన భాస్వరం జింక్‌ను మొక్కకు అందకుండా చేస్తుంది. డీఏపీ కట్ట 1,350 రూపాయలు, యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు. ఆ రెండో డీఏపీ డబ్బుతో జింక్ సల్ఫేట్, పొటాష్‌లో కొంత భాగం వస్తాయి.

ఎర్ర పొటాష్, తెల్ల పొటాష్ (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) మధ్య ఏది మేలని కూడా అడుగుతుంటారు. బేబీ కార్న్‌కు ఎర్రది చాలు. 60 శాతం పొటాష్, ధర తక్కువ. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట మాత్రం తెల్లది మేలు, క్లోరైడ్ ఉండదు, గంధకం కలిసి వస్తుంది.

యూరియా: గుళికా, సీసానా

నానో యూరియా సీసా ఒక కట్ట యూరియాకు బదులవుతుందా అని అడిగేవారికి నా సమాధానం ఒక లెక్క. 45 కిలోల కట్టలో 20 కిలోల పైన నత్రజని ఉంది. 4 శాతం రకం అర లీటరు సీసాలో ఉండేది 20 గ్రాములు. ఆకు మీద పిచికారీ చేసింది వేరు నుంచి తీసుకున్న దానికంటే సూటిగా పనిచేస్తుందన్నా, 55 రోజుల్లో మూడు కండెలు, పది టన్నుల పచ్చిమేత ఇవ్వాల్సిన పంటకు కట్టలు మానేసి సీసా మీద ఆధారపడే ధైర్యం నాకు లేదు. వరుస వానల్లో నేలలో దిగలేక, దఫా తప్పిపోయే పరిస్థితి వస్తే పిచికారీ ఆసరాగా వాడతాను. అప్పుడు కూడా 2 శాతం యూరియా ద్రావణం, అంటే లీటరుకు 20 గ్రాములు, నా మొదటి ఎంపిక.

యూరియాను ఎలా వేస్తున్నారన్నది కూడా ముఖ్యం. మధ్యాహ్నం ఎండలో ఎండిన నేల మీద చల్లిన యూరియాలో కొంత గాలిలో కలిసిపోతుంది. మొక్కకు ఒక జానెడు పక్కగా సాలులో వేసి, మట్టి కప్పి, తడి ఇవ్వాలి. ఎనిమిదాకుల దఫా, మట్టి ఎగదోయడం ఒకే రోజు పెట్టుకుంటే కూలీ కలిసి వస్తుంది, మొక్క పడిపోకుండా నిలబడుతుంది.

డ్రిప్ ఉన్నవాళ్ల అదృష్టం వేరే. ఐదు దఫాలు వాళ్లకు వారానికొకటి అయిపోతుంది, కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి వాన వచ్చినా పోయేది కొద్దిగే. యూరియాను, నీటిలో కరిగే తెల్ల పొటాష్‌ను డ్రిప్‌లో వదలవచ్చు. భాస్వరం దుక్కిలో సూపర్‌గానే వేయడం చవక. 19-19-19 లాంటివి మొత్తం పంటకు వాడితే ఖర్చు మీరిపోతుంది. వేరు ఇంకా నిలదొక్కుకోని తొలి రెండు వారాలకు కొద్దిగా వాడి ఆపేయడం మంచిది. డ్రిప్ లేనివాళ్లు దీని కోసమే డ్రిప్ వేయించుకోవాలని నేను చెప్పను. కూలీతో నాలుగు దఫాలు సకాలంలో వేయగలిగితే కండెలో పెద్ద తేడా కనిపించదు.

పెంట, వానపాముల ఎరువు, కోళ్ల ఎరువు

పశువుల ఎరువు నాలుగు టన్నుల్లో 20 కిలోల నత్రజని, దాదాపు అంతే పొటాష్ ఉంటుంది. అయితే నత్రజనిలో మూడో వంతో, అంతకంటే తక్కువో ఈ పంటకు అందుతుంది, మిగిలింది తర్వాతి పంటలకు. దాని గొప్ప నత్రజనిలో లేదు, నేలను పట్టి ఉంచే గుణంలో ఉంది. మా చేనులో పెంటకుప్ప ఉన్న చోట మూడో కండె దిగిందని చెప్పాను కదా, అక్కడ పడ్డ యూరియా మిగతా చేనులో పడ్డంతే. పోకుండా నిలిచింది, అంతే తేడా. బాగా మాగిన పెంటే వేయాలి. పచ్చి పెంట మాగడానికి నేలలోని నత్రజనినే లాక్కుంటుంది, కలుపు గింజలు, వేరు పురుగు అదనం.

వానపాముల ఎరువు టన్నున్నర వేస్తే చాలు, కానీ కొనుక్కుంటే ఖర్చు. సొంత పశువులు ఉండి సొంతంగా తయారు చేసుకునేవాళ్లకే అది లాభం. బేబీ కార్న్ చొప్ప తినే పశువుల పేడ మళ్లీ అదే చేనుకు చేరితే అంతకంటే కావలసింది లేదు.

కోళ్ల ఎరువు మన ఊళ్లలో తేలికగా దొరుకుతుంది. నత్రజని, భాస్వరం రెండూ పెంటకంటే చాలా ఎక్కువ. అందుకే జాగ్రత్త కూడా ఎక్కువ. ఫారం నుంచి నేరుగా తెచ్చి వేస్తే వేడికి మొలక మాడిపోతుంది. రెండు నెలలు కుప్ప వేసి తడిపి మాగనిచ్చి, ఎకరాకు టన్నుకు మించకుండా వేయండి. అది వేసిన చేనులో భాస్వరం కట్ట సగానికి తగ్గించవచ్చు. పశువుల పెంట దొరికే చోట నేను కోళ్ల ఎరువు జోలికి వెళ్లను.

ఏది వేసినా, దుక్కిలో కలిపేటప్పుడు అజటోబాక్టర్, ఫాస్ఫోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల ఎరువులు రెండు కిలోల చొప్పున అందులో కలపండి. ఖర్చు కొద్దిగే.

జింక్: నేలలోనా, ఆకు మీదా

జింక్ లోపం బేబీ కార్న్‌లో రెండో వారానికే బయటపడుతుంది. కొత్తగా వచ్చే ఆకుల్లో నడి ఈనెకు రెండు వైపులా తెల్లని పట్టీలు వస్తాయి, ఆకు మొదలు దగ్గర మరీ తెల్లగా. నత్రజని లోపం వేరుగా ఉంటుంది. అది కింది ముదురాకు కొసన మొదలై, నడి ఈనె వెంట కిందికి పసుపు వస్తుంది. పొటాష్ తక్కువైతే ఆ కింది ఆకుల అంచులే మాడతాయి, నడిమి పచ్చగా ఉంటుంది. లేత మొక్క ఆకులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం. చేనులోకి వెళ్లినప్పుడు ముందు పైఆకు చూడాలా, కిందాకు చూడాలా తెలిస్తే సగం అనుమానం తీరుతుంది.

నేలలో వేయడమే నా ఎంపిక. పంటకు 10 కిలోలు, లేదా ఒకేసారి 20 కిలోలు వేసి రెండు మూడు పంటల దాకా ఆగడం. 55 రోజుల పంటలో లోపం కనిపించాక మందు కొట్టి, మొక్క కోలుకునేలోపు రెండు వారాలు పోతాయి, అవే కండెలు లోపల పుట్టే రోజులు. అయినా కనిపిస్తే ఊరుకోకూడదు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, వారం తేడాతో రెండు సార్లు పిచికారీ చేయాలి. చిలేటెడ్ జింక్ అయితే లీటరుకు గ్రాము చాలు, ఆకు మాడే భయం తక్కువ, ధర ఎక్కువ.

నేలలో వేసే జింక్ సల్ఫేట్‌ను డీఏపీతో గానీ సూపర్‌తో గానీ కలపకండి. రెండూ కట్టుకుని మొక్కకు అందకుండా పోతాయి. జింక్ ముందు దుక్కిలో వేసి, మూడు రోజులు ఆగి భాస్వరం వేస్తే సరి.

చొప్ప అమ్మితే పొటాష్ అమ్మినట్టే

ఈ ఒక్క విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీని ఫలితం ఈ పంటలో కనిపించదు, మూడో పంటలో కనిపిస్తుంది. బేబీ కార్న్ రైతుకు చొప్ప రెండో రాబడి. కోత అయ్యాక పచ్చిగానే పాడి రైతులు కొనుక్కుపోతారు. మొక్క తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం ఆ చొప్పలోనే ఉంటుంది. పది టన్నుల పచ్చిచొప్పతో పొలం గట్టు దాటిపోయే పొటాష్ 30 కిలోలు దాటుతుంది. మనం వేసింది 24. అదీ వేస్తే. ఏడాదికి మూడు పంటలు తీసేవాళ్లు పొటాష్ మానేసి యూరియా, డీఏపీలతోనే నెట్టుకొస్తే, రెండో ఏడుకే చెట్లు గాలికి వాలడం, కండె వంకర తిరగడం మొదలవుతాయి. చొప్ప అమ్మిన డబ్బులో పొటాష్ కట్ట ధర పక్కన పెట్టడం మా ఇంట్లో ఇప్పుడు అలవాటు.

పశువుల మేత విషయంలో నత్రజనికి కూడా ఒక హద్దు ఉంది. జొన్నకు నాము (లేత చొప్పలో ఉండే విషం) ఉన్నట్టు మొక్కజొన్నకు ఉండదు, కానీ యూరియా ఎక్కువ పడ్డ చేను నీళ్లకు ఎండినప్పుడు కాండం అడుగు భాగంలో నైట్రేట్ పేరుకుంటుంది. అది పశువుకు ప్రమాదం. జల్లు తీశాక వేసే 20 కిలోల యూరియాను పెంచకండి, వేశాక తడి తప్పనివ్వకండి. చేను వాడిపోయిన రోజుల్లో చొప్ప కోయాల్సి వస్తే కింది జానెడు వదిలి కోయండి, ఎండు గడ్డి కలిపి కొద్దికొద్దిగా మేపండి.

మీ చేనులోనే పోల్చి చూసుకోవడం

నా నేలకు సరిపడ్డది మీ నేలకు సరిపడాలని లేదు. ఈసారి విత్తేటప్పుడు ఒక పక్క నాలుగు సాళ్లు వేరుగా గుర్తు పెట్టుకోండి. మిగతా చేనుకు మీరు ఎప్పుడూ వేసేదే వేయండి, ఆ నాలుగు సాళ్లకు ఐదు దఫాల పద్ధతి పాటించండి. పక్కనే మీ పద్ధతిలో ఉన్న నాలుగు సాళ్లకు కూడా కర్ర పాతుకోండి. రెండింటి కండెలూ వేర్వేరు బుట్టల్లో తెంపండి. మొదటి కోతకే తేల్చేయకండి, అప్పుడు రెండు బుట్టలూ ఒకేలా ఉంటాయి. మూడో కోత దాకా ఆగండి. తూకం పొట్టు ఒలిచాకే వేయండి. అయిదారు కిలోల పచ్చికండెల్లో లోపలి సరుకు కిలోకు అటూ ఇటూ ఉంటుంది, పొట్టుతో తూస్తే ఏకాడికీ పొట్టే తూగుతుంది.